నడుస్తున్న దుకాణానికి ఇంజన్ మార్చిన బాబాయ్

"రెండు నిమిషాల పని. దాన్ని పని అనడానికే నాకు సిగ్గేస్తుంది," అంటున్నాడు బాబాయ్, టీ గ్లాసు రెండు వేళ్ళ మధ్య గిరగిరా తిప్పుతూ.

టీకొట్టు పక్కనుంచి మెట్ల వైపు వెళ్ళబోతున్న సూదులక్క ఆ గొంతు విని టక్కున ఆగింది. ఈయన ఇక్కడున్నాడేంటి? ఈపాటికి పైన, రెండో అంతస్తులో, ఆమె దుకాణం పని ముందేసుకుని కూర్చోవాల్సిన మనిషి కదా!

సూదులక్క అన్నది బజార్లో వాళ్ళు పెట్టిన పేరు. ఆమె, ఆమె వదిన కలిసి కుట్టుమిషన్ల సామాన్లు ఆన్‌లైన్లో అమ్ముతారు. సూదులు, బాబిన్లు, బెల్టులు, చిన్న చిన్న మోటార్లు. ఎక్కడెక్కడి దర్జీలో ఫోన్లో చూసుకుని ఆర్డర్ పెడితే, వదిన ఇంటి ముందుగదిలో కూర్చుని పొట్లాలు కడుతుంది, ఈమె వాటిని బండి మీద తీసుకెళ్ళి పంపించి వస్తుంది. ఆ దుకాణానికి గోడలూ, తలుపులూ, గల్లాపెట్టే అన్నీ ఒక సాఫ్ట్‌వేరే. దాని కడుపులో ఏముందో ఇద్దరికీ తెలీదు. నడిచినన్నాళ్ళూ తెలియాల్సిన అవసరం కూడా రాలేదు.

కిందటేడాది వచ్చింది. బడులు తెరిచే రోజులు, యూనిఫారాలు కుట్టేవాళ్ళందరూ సామాన్ల కోసం ఎగబడే రోజులు. వదిన వైపు బంధువుల కుర్రాడొకడు వచ్చి, "మీ సాఫ్ట్‌వేర్ పాతదైపోయింది అత్తా, చిటికెలో కొత్తది చేసేస్తా," అని ఒక బటన్ నొక్కి, కాఫీ తాగి వెళ్ళిపోయాడు. సాయంత్రానికి దుకాణంలో ఉన్న ప్రతి వస్తువు ధరా సున్నా అయిపోయింది. జనం ఊరుకుంటారా? మోటార్లన్నీ ఊడ్చుకుపోయారు. మళ్ళీ పాత సాఫ్ట్‌వేరే పెట్టించుకుంటే గానీ ధరలు తిరిగి రాలేదు. ఆ తర్వాత ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, "క్షమించండి, పొరపాటైంది, పంపలేం," అని చెప్పుకుంటూ వాళ్ళు తిట్టిన తిట్లు ఆమెకి ఇప్పటికీ నిద్రలో వినిపిస్తాయి. వదినైతే కొన్నాళ్ళు ఫోన్ మోగితే చాలు, పక్కగదిలోకి వెళ్ళిపోయేది.

మళ్ళీ ఆ సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్ళకూడదనే అనుకున్నారిద్దరూ. కానీ డబ్బులు వసూలు చేసిపెట్టే కంపెనీవాళ్ళు మొన్న కబురు పెట్టారు. రేపటి నుంచి పాత సాఫ్ట్‌వేర్ ఉన్న దుకాణాలకి చెల్లింపులు ఆగిపోతాయట. ఇక తప్పదని నలుగురినీ అడిగితే, నలుగురూ ఒకే మనిషి పేరు చెప్పారు. సర్వర్ బాబాయ్. పొద్దున వచ్చి, పాస్‌వర్డులన్నీ ఆయన చేతిలో పెట్టి వెళ్ళింది. ఆయన అట్టే మాట్లాడలేదు. పక్క బల్ల దగ్గర ఆయన భార్య కంప్యూటర్లో ఏదో టైపు చేసుకుంటూ కూర్చుంది. "సాయంత్రానికి అయిపోతుంది," అని ఆవిడే చెప్పింది.

ఆ మాట పట్టుకుని వెళ్ళింది గానీ ఇంట్లో కాలు నిలవలేదు. అందుకే మధ్యాహ్నం దాటీ దాటకముందే మళ్ళీ వచ్చింది. వస్తే ఇదీ వరస.

"రామ్మా, రా, సమయానికి వచ్చావు," అన్నాడు బాబాయ్ ఆమెని చూసి. చుట్టూ ఉన్నవాళ్ళకి చూపిస్తూ, "ఈ అమ్మాయి దుకాణమే ఇప్పుడు నా చేతిలో ఉంది," అని, ఖాళీ అరచెయ్యి చాపి చూపించాడు. ఆ అరచేతిలో తన దుకాణం ఉన్నట్టు, ఆయన వేళ్ళు కాస్త వదులైతే జారిపోయేట్టు అనిపించింది ఆమెకి.

"పైన పని..." అంది.

"దాని పని అది చేసుకుంటోంది. నువ్వు కూర్చో. చెప్పుల కంపెనీ సంగతి చెబుతున్నా వీళ్ళకి. విను, నీకు ధైర్యంగా ఉంటుంది."

బల్ల మీద రిటైరైన లెక్కల మాస్టారు జరిగి చోటిచ్చారు. ఆయన పక్కన లిఫ్టు మెకానిక్ పానాల సంచీ ఒళ్ళో పెట్టుకుని, నోరు కొద్దిగా తెరిచి వింటున్నాడు. పొయ్యి వెనకాల టీకొట్టు మావయ్య పాలు కలుపుతున్నాడు గానీ చెవులు మాత్రం ఇటే ఉన్నాయి. ఆమె బల్ల అంచున కూర్చుని, ఫోన్ చేతిలో పట్టుకుని, తన దుకాణం తెరిచి చూసింది. ఉంది. సూదులున్నాయి, ధరలున్నాయి. ఊపిరి పీల్చుకుంది.

"ఏం చెబుతున్నా? ఆఁ, చెప్పుల కంపెనీ. దేశమంతా చెప్పులమ్ముతాడు వాడు. పెద్ద తగ్గింపు అమ్మకం పెట్టాడు, జనం విరగబడిపోతున్నారు, సరిగ్గా అప్పుడు వాడి సాఫ్ట్‌వేర్ మూలగడం మొదలెట్టింది. ఓనరు నాకు ఫోన్ చేసి ఒకటే ఏడుపు. బాబాయ్ గారూ, అప్‌డేట్ చెయ్యాలి, కానీ దుకాణం ఒక్క క్షణం కూడా మూయడానికి లేదు, అంటాడు. నేనన్నా, మూయమని ఎవడు చెప్పాడయ్యా నీకు? నడుస్తున్న బస్సుకి ఇంజన్ మార్చలేనివాడు మెకానిక్ ఎలా అవుతాడు?"

"నడుస్తుండగానే?" అన్నాడు లిఫ్టు మెకానిక్. మనుషుల్ని ఎక్కించుకున్న లిఫ్టుని అలా చెయ్యడం ఊహించుకున్నాడేమో, పానాల సంచీ గట్టిగా పట్టుకున్నాడు.

"నడుస్తుండగానే! అక్కడ వాడి దగ్గర డజను మంది ఇంజనీర్లు. మెడలో గుర్తింపు కార్డుల పట్టీలు, చేతిలో ఖరీదైన ల్యాప్‌టాప్‌లు. ఒకడు అడుగుతాడు గదా, సార్ ముందు బ్యాకప్ తీద్దామా అని. నాకెక్కడో కాలింది. బ్యాకప్పా! పడిపోతానని ముందే అనుకున్నవాడికి కదయ్యా పరుపు కావాలి? తీసెయ్, అన్నా. ఉన్న పాత బ్యాకప్పులు కూడా తుడిచిపారేయించా. వెనక్కి తిరిగి చూసే అలవాటు మనకి లేదు."

సూదులక్క మావయ్య చేతికిచ్చిన టీ అలాగే పట్టుకుంది.

"బాబాయ్ గారూ, నా దానికి మాత్రం తీశారు కదా... బ్యాకప్?"

"అదే చెబుతున్నానమ్మా, విను. బటన్ నొక్కా. పాత సాఫ్ట్‌వేర్ ఒక పక్కనుంచి దిగుతోంది, కొత్తది ఇంకో పక్కనుంచి ఎక్కుతోంది. మధ్యలో లక్షమంది జనం, బుట్టల నిండా చెప్పులు. ఆ బుట్టలు ఎక్కడ పెట్టాలి? చోటు లేదు. ఏం చేశానో తెలుసా? నా బుర్రలో పెట్టుకున్నా! ఫలానా ఆవిడ, ఎర్ర చెప్పులు, ఆరో నంబరు. ఫలానా పెద్దాయన, నల్ల బూట్లు, ఎడంకాలికి కాస్త వదులు. లక్ష బుట్టలు కంఠతా పట్టి, కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కగానే ఎవరిది వాళ్ళకి అప్పజెప్పేశా."

"లక్షా?" అన్నారు లెక్కల మాస్టారు. "ఒక్కో బుట్టకి ఒక్క సెకను వేసుకున్నా..."

"మాస్టారూ, మీరు లెక్కలెయ్యకండి, కథ పాడవుతుంది. అంతలో ఏమైందో తెలుసా? కరెంటు పోయింది!"

"అమ్మో," అన్నాడు మెకానిక్.

"ఇంజనీర్లందరూ తలలు పట్టుకుని నేల మీద కూర్చున్నారు. నేను కిందికి ఒక్క దూకు దూకి, వాచ్‌మన్ స్కూటరు స్టాండేసి, దాని బ్యాటరీకి సర్వర్ తగిలించా. వాచ్‌మన్ స్కూటరు నడుపుతున్నాడు, దేశమంతా చెప్పులు కొంటోంది! కాసేపటికి పెట్రోలైపోయింది. అప్పుడేం చేశా? వైరు ఈ చేత్తో ఒకటి, ఆ చేత్తో ఒకటి పట్టుకున్నా. మనిషి ఒంట్లో కూడా కరెంటుంటుంది మాస్టారూ, మీకు తెలీనిదేముంది! నా మీద నడిచింది సర్వర్. జుట్టంతా ఇలా నిక్కబొడుచుకుంది. చేతులు ఖాళీ లేవు కాబట్టి ముక్కుతో టైపు చేశా."

మెకానిక్ పగలబడి నవ్వాడు. మావయ్య గరిటె పక్కన పెట్టి మరీ నవ్వాడు. సూదులక్క మాత్రం నవ్వలేదు. ఆమెకి వినిపిస్తున్నది ఒకటే: ఈయన బ్యాకప్ అన్న మాటకి జవాబు చెప్పలేదు.

అప్పుడు ఫోన్ కిర్రుమంది.

చూసుకుంది. కొత్త ఆర్డర్. మిషన్ మోటార్లు, యాభై. చెల్లించవలసిన మొత్తం, సున్నా.

అక్షరాలు కలిసిపోయి కనిపించాయి. మళ్ళీ చదివింది. సున్నాయే. ఒక్క నిమిషంలో తిట్లన్నీ, వదిన మొహం, పక్కగది తలుపు అన్నీ కళ్ళ ముందు తిరిగాయి.

"బాబాయ్ గారూ!" అంది. "నా దుకాణంలో ధర సున్నా వస్తోంది."

"వస్తుందమ్మా, వస్తుంది. చెప్పుల కంపెనీకి ఏకంగా మైనస్ వచ్చింది. కొన్నవాడికి మనమే ఎదురు డబ్బులివ్వాలి! కంగారుపడ్డానా? లేదు. తెరలోకి చెయ్యి పెట్టి ఆ మైనస్ గీత ఇలా పట్టుకుని లాగిపారేశా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కొత్త సాఫ్ట్‌వేర్ ఆ ఊపులో ఎక్కిన వేగానికి ఆగలేకపోయింది. పక్క వీధిలో గొడుగుల కంపెనీ ఉంటే, వాడిదీ అప్‌డేట్ అయిపోయింది. వాడు అడగనే లేదు పాపం! అక్కడా ఆగలేదు. ఎదురుగా ఉన్న బ్యాంకుది, సముద్రం అవతల ఇంకెవరిదో... మర్నాడు జనం ఫోన్లు. ఏమండీ, మా ఇంటికి చెప్పులొచ్చాయి, మేమింకా కొనలేదే, అని! అదీ వేగమంటే. ఆర్డర్ పెట్టకముందే పార్సిల్ చేరిపోయింది. చేరాక తీరిగ్గా ఆర్డర్లు పెట్టారు!"

సూదులక్క లేచి నిలబడింది. టీ సగం ఒలికి వేళ్ళ మీద పడింది. కాలినట్టు కూడా తెలీలేదు.

"నా పాస్‌వర్డులు నాకు ఇచ్చేయండి."

నవ్వులు ఆగిపోయాయి.

"అదేంటమ్మా?"

"మీరు గొప్పవారే కావచ్చు. మాకంత గొప్ప వద్దు. మా వదినా నేనూ ఒక్కసారి మునిగి లేచాం. ఇంకోసారి మునిగితే లేవలేం. పైకి వెళ్ళి ఆ పని ఆపెయ్యండి. ఇప్పుడే."

బాబాయ్ చేతిలో గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలీనట్టు చూశాడు. మాస్టారు గొంతు సవరించుకున్నారు.

"ఏవండీ," అన్న మాట మెట్ల దగ్గరి నుంచి వినిపించింది. బాబాయ్ భార్య. కళ్ళద్దాలు నెత్తిమీదికి తోసుకుని, చివరి మెట్టు మీద నిలబడి ఉంది. ఎప్పటినుంచి వింటోందో! "పార్సిళ్ళు ముందే చేరిన సంగతి తర్వాత చెబుదురుగాని. కాపీలో ధర సున్నా చూపిస్తోంది. పైకి రండి."

"ఏ కాపీ పిన్నీ?" అన్నాడు లిఫ్టు మెకానిక్.

"ఈ అమ్మాయి దుకాణం కాపీ. అచ్చు అలాంటిదే ఇంకోటి తయారుచేసి, పొద్దున్నుంచి దాని మీదే కుస్తీ పడుతున్నాం. అసలుదాన్ని ఇంతవరకు ముట్టుకుంటే ఒట్టు." సూదులక్క చేతిలో ఫోన్ చూసి నాలిక్కరుచుకుంది. "అయ్యో, మేం పరీక్షకని పెట్టిన ఆర్డర్ మెసేజ్ నీకు గాని వచ్చిందా తల్లీ? కాపీ నుంచి మెసేజ్‌లు వెళ్ళకుండా ఆపడం మర్చిపోయాను. తప్పు నాదే. ఎంత హడలిపోయావో ఏమో!"

సూదులక్క బల్ల మీద కూలబడింది.

"మరి బాబాయ్ బ్యాకప్ తీయరటగా?" మావయ్య పొయ్యి వెనకనుంచి అందుకున్నాడు. "పరుపు లేకుండానే దూకుతారట?"

"ఈయనా!" పిన్ని నవ్వు ఆపుకోలేకపోయింది. "మా ఇంట్లో సొంత ఫోన్ అప్‌డేట్ చెయ్యాలన్నా ఫోటోలన్నీ మూడు చోట్ల దాస్తారు. దాచినవి తెరుచుకుంటున్నాయో లేదో మళ్ళీ ఒక్కొక్కటీ తెరిచి చూస్తారు. అప్పటికీ రేపు చూద్దాంలే అంటారు. ఈ అమ్మాయి దుకాణానికి తీసిన బ్యాకప్ ఒకటి ఇక్కడుంది, ఒకటి మా ఇంట్లో ఉంది, ఇంకోటి మా అన్నయ్య ఇంట్లో పెట్టి రమ్మని పొద్దున నన్నే తరిమారు."

"మరి చెప్పుల కంపెనీ?" మాస్టారు వదల్లేదు.

"చెప్పుల కంపెనీ నిజమే. పనీ నిజమే. ముందురోజంతా కాపీ మీద చేసి చూసుకున్నాం, దుకాణం మూసి బోర్డు పెట్టాం. చివరికి బటన్ నొక్కాల్సి వచ్చేసరికి ఈయన, నువ్వే నొక్కవే, అని గుమ్మం అవతలికి వెళ్ళి కళ్ళు మూసుకుని నిలబడ్డారు. నొక్కింది నేను. కరెంటేం పోలేదు. ముక్కు కూడా వాడలేదు."

కొట్టంతా ఘొల్లుమంది. మెకానిక్ బల్ల మీద చరిచి చరిచి నవ్వాడు. బాబాయ్ మొహం కందగడ్డలా అయిపోయింది. "నువ్వుండవే," అన్నాడు గానీ ఆ మాట ఆయనకే వినిపించలేదు.

సూదులక్క ఆయన వంకే చూస్తోంది. కాసేపటి కిందట తన దుకాణాన్ని అరచేతిలో ఆడించిన మనిషి, ఇప్పుడు చొక్కా గుండీ తిప్పుకుంటూ, బడిలో దొరికిపోయిన పిల్లాడిలా నిలబడ్డాడు. ఆమెకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, నవ్వొచ్చింది, రెండూ ఒకేసారి.

"ఇంత భయస్తులని పొద్దునే చెప్పుంటే, బాబాయ్ గారూ, ఇంట్లో కాస్త నిద్రపోయేదాన్ని కదా! పదండి, పైకి పదండి," అంది.

పైన గదిలో ఆయన ఇంకో మనిషి. ఒక్క కోత లేదు, ఒక్క జోకు లేదు. రెండు తెరలు. ఎడంపక్క అసలు దుకాణం, కుడిపక్క కాపీ. కుడిపక్క మోటారు పక్కన సున్నా అలాగే మెరుస్తోంది. కాపీయే అని తెలిసినా, ఆమె తన ఫోన్లో అసలు ధర ఇంకోసారి చూసుకుంది.

"ఇదిగో ఇది," అన్నాడు చాలాసేపటికి. "తగ్గింపు ధరలు లెక్కకట్టే ముక్క. కిందటేడాది ఎవరో తెచ్చి అతికించారు. కొత్త సాఫ్ట్‌వేర్ కింద ఇది పెట్టామంటే ఎంత తగ్గించాలో తెలీక మొత్తం తగ్గించేస్తోంది. అప్పుడు మీ కొంప ముంచింది కూడా ఇదే అయ్యుంటుంది."

ఏడాదిగా ఆమెకి ఆ కుర్రాడి మీద కోపం, వదినకి తన మీద తనకే కోపం. ఇంత చిన్న ముక్కా!

ఆ ముక్క కాపీలోంచి తీసేశాడు. మోటారు ధర ఎప్పటిలా నిలబడింది. సూది కొని చూశాడు, బెల్టు కొని చూశాడు, కొన్నది రద్దు చేసి చూశాడు. అంతా బాగుంది. అయినా ఒప్పుకోలేదు. "ఇప్పుడు దీన్ని పాడుచేసి చూద్దాం," అని, కాపీని కావాలనే చెడగొట్టి, బ్యాకప్ లోంచి మళ్ళీ పాత దుకాణాన్ని లేపి నిలబెట్టాడు. అది లేచి నిలబడేదాకా గదిలో ముగ్గురూ తెర వైపే వంగి చూశారు.

అప్పుడు అసలు దుకాణం ముందు బోర్డు పెట్టారు. 'కాసేపు సర్దుకుంటున్నాం, మళ్ళీ రండి.' ఆ మాటలు సూదులక్కే చెప్పింది.

బాబాయ్ చెయ్యి బటన్ దాకా వెళ్ళి ఆగింది. నుదుటి మీద చెమట ముక్కు చివర దాకా జారింది.

పిన్ని తన కుర్చీ ఆయన కుర్చీ పక్కకి లాక్కుంది. ఆయన లేచి గుమ్మం అవతలికి వెళ్ళిపోయాడు. సూదులక్క తెర వైపు ఒకసారి, గుమ్మం వైపు ఒకసారి చూసింది. చూసి, తనూ వెళ్ళి ఆయన పక్కన నిలబడి కళ్ళు మూసుకుంది.

లోపల టక్కుమని చిన్న చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు. కింద ఎవరో బండి స్టార్ట్ చేస్తున్నారు. బాబాయ్ ఊపిరి ఆమెకి వినిపిస్తోంది.

"అయింది. వచ్చి చూసుకోండి," అంది పిన్ని.

సూదులున్నాయి. బాబిన్లున్నాయి. ధరలు దేనిది దానికే ఉన్నాయి. బాబాయ్ ఆమె ఫోన్ నుంచి ఒక సూదుల పొట్లం నిజంగా కొనిపించాడు, డబ్బులు కట్టినట్టు చీటీ వచ్చేదాకా తల ఎత్తలేదు. బోర్డు తీసేశారు.

"బాబాయ్!" కిందినుంచి మావయ్య కేకేశాడు. "కొత్త టీ పెట్టా. రండి, ఎవరూ ఏమీ అనరులే!"

ఆయన కదల్లేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని తెరనే చూస్తున్నాడు. సూదులక్క ఫోన్ మోగింది. వదిన. "బాబిన్ కేసులు కావాలని ఆర్డరొచ్చింది, డబ్బులు కూడా కట్టేశారు! పంపించనా? నిజమైనదేనా?" అని అడుగుతోంది, గొంతు తగ్గించి.

"నిజమైనదే వదినా. కట్టేయ్ పొట్లం."

"విన్నారుగా," అంది బాబాయ్ వైపు తిరిగి. "ఇంక లేవండి, టీ తాగుదాం."

"ఉండమ్మా," అన్నాడాయన, తెర మీంచి చూపు తిప్పకుండా. "ఇంకొక్క ఆర్డర్ రానివ్వు."